మాక్స్ పెరుట్జ్: ఒక్క ప్రొటీన్ వెంట 22 ఏళ్లు – తరచుగా అడిగే ప్రశ్నలు

డీఎన్ఏ అనగానే వాట్సన్, క్రిక్ పేర్లు చెప్పేవాళ్లు బోలెడంత మంది. ఆ క్రిక్‌కి పీహెచ్‌డీ గైడ్ ఎవరు అని అడిగితే మాత్రం చాలామంది తల గోక్కుంటారు. ఆయనే మాక్స్ పెరుట్జ్. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ లోపల ఎలా ఉంటుందో ఎక్స్‌రేలతో తేల్చిన మనిషి. ఆయన గురించి ఎప్పుడు మాట్లాడినా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకేచోట పెడుతున్నాను.

ఈయన డాక్టరా, ఫిజిక్స్ వాడా, కెమిస్ట్రీ వాడా?

చదివింది కెమిస్ట్రీ, పనిచేసింది ఫిజిక్స్ ల్యాబ్‌లో, తేల్చింది బయాలజీ సంగతి. ఆ రోజుల్లో మాలిక్యులర్ బయాలజీ అనే డిపార్ట్‌మెంటే లేదు. అందుకే జీవితంలో సగం కాలం ఆయన ఏ గూటికీ చెందని పక్షిలాగే గడిపాడు. యూనివర్సిటీలో ఫిజిక్స్ వాళ్లకి ఈయన బయాలజీ వాడు, బయాలజీ వాళ్లకి ఫిజిక్స్ వాడు.

వియన్నా కుర్రాడు కేంబ్రిడ్జ్ ఎలా చేరాడు?

1914 మే 19న వియన్నాలో పుట్టాడు. బట్టల మిల్లుల కుటుంబం, బాగా ఉన్నవాళ్లు. యూదు మూలాలున్నా పిల్లాడికి క్యాథలిక్ బాప్తిస్మం ఇప్పించారు. లా చదివి వ్యాపారం చూసుకుంటాడని ఇంట్లో అనుకుంటే, స్కూల్లో ఒక మాస్టారి పుణ్యమా అని కెమిస్ట్రీ మీద మనసు పడింది. వియన్నా యూనివర్సిటీలో చదువుతుండగా కేంబ్రిడ్జ్‌లో గౌలాండ్ హాప్కిన్స్ చేస్తున్న బయోకెమిస్ట్రీ గురించి విని, వెళ్తే అక్కడికే వెళ్లాలనుకున్నాడు.

తర్వాత జరిగింది సినిమాటిక్‌గా ఉంటుంది. హెర్మన్ మార్క్ అనే ప్రొఫెసర్ కేంబ్రిడ్జ్ వెళ్తుంటే, నాకు సీటు దొరుకుతుందేమో హాప్కిన్స్‌ని అడగండి అని పెరుట్జ్ చెప్పాడు. మార్క్ గారు అడగడం మర్చిపోయి, అక్కడ కలిసిన జె.డి. బెర్నల్‌ తనకో స్టూడెంట్ కావాలంటే ఈ సంగతి పట్టుకొచ్చాడు. బెర్నల్ చేసేది క్రిస్టలోగ్రఫీ, అంటే స్ఫటికాలకి ఎక్స్‌రే తీసి లోపలి అమరిక తేల్చే పని. నాకు అందులో ఓనమాలు కూడా రావే అని పెరుట్జ్ అంటే, ఏం పర్లేదు, నేర్చుకుంటావులే అన్నారట. అలా 1936లో, తండ్రి ఇచ్చిన 500 పౌండ్లతో, కావెండిష్ ల్యాబ్‌లో అడుగుపెట్టాడు. ఎవరో ఒక పెద్దమనిషి మతిమరుపు లేకపోతే ఈయన హాప్కిన్స్ దగ్గర విటమిన్ల మీద పనిచేస్తూ ఉండేవాడేమో!

ప్రొటీన్‌కి ఎక్స్‌రే తియ్యడం అంటే హాస్పిటల్లో ఛాతీ ఎక్స్‌రే లాంటిదేనా?

కాదు. హాస్పిటల్ ఎక్స్‌రేలో పడేది నీడ. ఇక్కడ నీడతో పనిలేదు. ప్రొటీన్‌ని మొదట క్రిస్టల్‌గా, అంటే స్ఫటికంగా మార్చాలి. స్ఫటికంలో కోట్లాది అణువులు ఒకే పద్ధతిలో వరుసగా పేర్చి ఉంటాయి. దాని మీద ఎక్స్‌రే పంపితే ఆ కిరణాలు పరమాణువుల చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల చెదిరి, కొన్ని దిక్కుల్లో ఒకదానికొకటి బలం ఇచ్చుకుని, మిగతా దిక్కుల్లో ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఫిల్మ్ మీద మిగిలేవి చుక్కలు మాత్రమే, కొన్ని నల్లగా, కొన్ని లేతగా. ఆ చుక్కల చోటు, నలుపు చూసి లోపల ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. ప్రొటీన్ స్ఫటికాలు ఉప్పురాళ్లలా గట్టిగా ఉండవు, సగం దాకా నీళ్లే. గాలికి ఆరితే లోపలి వరస చెడిపోతుంది. 1934లో బెర్నల్, డొరొతీ క్రోఫుట్ (తర్వాతి కాలపు డొరొతీ హాడ్జ్‌కిన్) పెప్సిన్ స్ఫటికాన్ని అది పెరిగిన ద్రవంలోనే తడిగా ఉంచి ఫొటో తీశారు. అప్పుడు గానీ ప్రొటీన్ నుంచి సరైన చుక్కలు రాలేదు. పెరుట్జ్ ల్యాబ్‌లో చేరేనాటికి ఆ కబురు ఇంకా వేడివేడిగానే ఉంది.

అన్ని ప్రొటీన్లుండగా హిమోగ్లోబినే ఎందుకు?

ప్రాగ్‌లో ఫెలిక్స్ హారోవిట్జ్ అనే బయోకెమిస్ట్ ఉండేవాడు, పెరుట్జ్‌కి కజిన్ భర్త, మన లెక్కలో బావ. 1937లో ఆయన్ని కలిసినప్పుడు వచ్చిన సలహా ఇది. హిమోగ్లోబిన్ గుర్రం రక్తం నుంచి దండిగా దొరుకుతుంది, స్ఫటికాలు తేలిగ్గా కడుతుంది. కేంబ్రిడ్జ్‌లోనే గిల్బర్ట్ అడెయిర్ ఆ స్ఫటికాలు తయారుచేసి ఇచ్చాడు. మొదటి ఫొటోల్లోనే చుక్కలు వందల్లో కనపడ్డాయి.

హారోవిట్జ్ చూసిన ఒక వింత కూడా మనసులో పెట్టుకోవాలి, తర్వాత పనికొస్తుంది. ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ స్ఫటికాలు ఊదా రంగులో ఆరుపలకల బిళ్లల్లా ఉంటాయి. మైక్రోస్కోప్ కింద గాజు పలకల అంచుల్లోంచి గాలి లోపలికి చేరుతుంటే ఆ బిళ్లలు కరిగిపోయి, వాటి చోట ఎర్రటి సూదుల్లాంటి స్ఫటికాలు మొలిచాయి. అంటే ఆక్సిజన్ వచ్చి ఊరికే అతుక్కోవడం లేదు, అణువు ఆకారమే మారిపోతోంది.

హిట్లర్ వచ్చాక ఈయన పరిస్థితి ఏమైంది? ఖర్చులు ఎవరు భరించారు?

1938 మార్చిలో ఆస్ట్రియాని జర్మనీ కలిపేసుకుంది. ఇంటి ఆస్తి పోయింది, అమ్మానాన్నలు శరణార్థులయ్యారు, తండ్రి ఇచ్చిన డబ్బు అడుగంటింది. బెర్నల్ కూడా లండన్ వెళ్లిపోయాడు. ఆ ఏడే కావెండిష్‌కి పెద్దగా లారెన్స్ బ్రాగ్ వచ్చాడు. తండ్రితో కలిసి ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీకి పునాది వేసి 25 ఏళ్లకే నోబెల్ కొట్టిన బ్రాగ్. ఆయన ల్యాబ్ చూడ్డానికి వస్తాడేమోనని పెరుట్జ్ వారాల తరబడి ఎదురుచూసి, ఇక లాభం లేదని తనే ఫొటోలు పట్టుకుని వెళ్లి చూపించాడు. బ్రాగ్‌కి అవి ఎంత నచ్చాయంటే రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కి రాసి, 1939 జనవరి నుంచి జీతం వచ్చేలా గ్రాంట్ ఇప్పించాడు. ఆ జీతం ఉండబట్టే తల్లిదండ్రుల్ని కూడా ఇంగ్లండ్ రప్పించుకోగలిగాడు.

పెరుట్జ్ గురించి రాసేవాళ్లంతా ఆయన ఓపికని పొగుడుతారు. ఓపిక ఉంది, కాదనను. కానీ ఫలితం లేకుండా ఏళ్ల తరబడి నడిచిన పనికి ఎవరో ఒకరు డబ్బిస్తూ వచ్చారన్నది కూడా అంతే ముఖ్యం. నన్నడిగితే ఈ కథలో సగం క్రెడిట్ బ్రాగ్‌ది.

బ్రిటన్ వాళ్లే ఆయన్ని అరెస్ట్ చేశారట, నిజమేనా?

నిజమే. హిట్లర్ నుంచి తప్పించుకొచ్చినవాణ్ని, ఆస్ట్రియా పౌరుడు కాబట్టి శత్రుదేశస్థుడివని 1940 మేలో ఒక ఆదివారం పొద్దున పోలీసు వచ్చి పట్టుకెళ్లాడు. కొద్ది రోజులేలే అన్నాడు ఆ పోలీసు. పెరుట్జ్ మాత్రం చాలా రోజులకి సరిపడా సర్దుకున్నాడు, మంచిపని చేశాడు. ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి తిప్పి, చివరికి ఓడెక్కించి కెనడా పంపించారు. అక్కడ ముళ్లకంచె మధ్య ఈయన తోటి ఖైదీలతో కలిసి యూనివర్సిటీ నడిపాడు. పాఠాలు చెప్పినవాళ్లలో హెర్మన్ బోండీ, క్లాస్ ఫుక్స్ ఉన్నారు. (ఫుక్స్ అంటే తర్వాత అణుబాంబు రహస్యాలు రష్యాకి చేరవేసి దొరికినాయనే.) 1941 జనవరిలో కేంబ్రిడ్జ్ తిరిగొచ్చాడు.

మంచు ఓడ కథ ఏంటి?

ఇది నాకు భలే ఇష్టమైన భాగం. పెరుట్జ్‌కి కొండలన్నా మంచన్నా పిచ్చి. 1938 వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్లి, కురిసిన మంచు హిమానీనదంలో గట్టి ఐస్‌గా ఎలా మారుతుందో చదివొచ్చాడు. ఆ పరిచయంతో 1942లో ఒక రహస్య ప్రాజెక్టుకి పిలుపొచ్చింది. జెఫ్రీ పైక్ అనే ఆయన ఐడియా ఏంటంటే, అట్లాంటిక్ మధ్యలో విమానాలు దిగడానికి ఐస్‌తోనే ఒక బ్రహ్మాండమైన ఓడ కట్టడం! దీన్ని నెత్తికెత్తుకున్నది లార్డ్ మౌంట్‌బాటెన్, అంటే ఐదేళ్ల తర్వాత మన దేశానికి ఆఖరి వైస్రాయ్‌గా వచ్చిన మౌంట్‌బాటెనే.

మామూలు ఐస్ కొడితే పెళుక్కుమని పగులుతుంది. నీళ్లలో కొంచెం కలప గుజ్జు కలిపి గడ్డకట్టిస్తే మాత్రం తుపాకీ గుండుకి కూడా పగలదు. లండన్‌లో స్మిత్‌ఫీల్డ్ మాంసం మార్కెట్ కింద ఉన్న కోల్డ్ స్టోరేజ్‌లో పెరుట్జ్ ఇదంతా టెస్ట్ చేశాడు. తీరా చూస్తే అది కూడా తన బరువుకి తనే మెల్లగా సాగుతుంది, ఇంకా బాగా చల్లగా ఉంచితే తప్ప ఆగదు. విమానాలు కూడా అప్పటికి మరింత దూరం ఎగరడం మొదలుపెట్టాయి. ప్రాజెక్ట్ అటకెక్కింది. ఆయనకి దక్కింది మాత్రం బ్రిటిష్ పౌరసత్వం. ఈ పనిమీద అమెరికా వెళ్లాల్సొచ్చింది, శత్రుదేశస్థుణ్ని ఎలా పంపుతారు, గబగబా పౌరుణ్ని చేసేశారు!

ఒక్క అణువుకి 22 ఏళ్లా? అంత టైమ్ ఎందుకు పట్టింది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే.

ముందు సైజు చూడండి. హిమోగ్లోబిన్‌లో దాదాపు పదివేల పరమాణువులు. అప్పటిదాకా ఎక్స్‌రేతో తేల్చినవాటిలో పదుల సంఖ్యలోనే ఉండేవి. అసలు అడ్డంకి వేరే ఉంది. ఫిల్మ్ మీద చుక్క నలుపు చూస్తే ఆ తరంగం ఎంత బలంగా ఉందో తెలుస్తుంది గానీ, దాని శిఖరం ఎప్పుడొచ్చింది, పల్లం ఎప్పుడొచ్చింది అన్నది తెలియదు. బస్సులో ఎంతమంది ఎక్కారో లెక్కుంది, ఎన్నింటికి బయల్దేరిందో రాసిపెట్టలేదు అన్నట్టు. దీన్నే ఫేజ్ ప్రాబ్లమ్ అంటారు. ఫేజులు లేకుండా చుక్కల నుంచి బొమ్మ రాదు. పెరుట్జ్ మొదలుపెట్టినప్పుడు ప్రొటీన్లకి దీన్నెలా దాటాలో ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

దాంతో అడ్డదారులు వెతికారు. కొన్నేళ్లు కష్టపడి, అణువు లోపల గొలుసులు పక్కపక్కన సమాంతరంగా పేర్చిన కడ్డీల్లా ఉన్నాయని ఒక నమూనా వేశాడు. అది తప్పు. 1949లో ఫ్రాన్సిస్ క్రిక్ పీహెచ్‌డీకి చేరాడు, వయసు ముప్పై దాటింది, నోరు కాస్త ఎక్కువ. 1951లో ఒక సెమినార్ ఇచ్చి, మీరు ఇన్నాళ్లూ చేస్తున్న పద్ధతుల్లో దాదాపు ఏదీ గమ్యం చేర్చదు అని లెక్కలేసి చూపించాడు. బ్రాగ్‌కి ఒళ్లు మండింది. పెరుట్జ్ మాత్రం ఆ కుర్రాణ్ని ల్యాబ్‌లోనే ఉంచుకున్నాడు. మన దగ్గర ఎంతమంది గైడ్లు అలా ఉంచుకునేవాళ్లో చెప్పండి!

అదే ఏడు ఇంకో దెబ్బ. అమెరికాలో లైనస్ పౌలింగ్ ఆల్ఫా హెలిక్స్, అంటే ప్రొటీన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకునే ఆకారం, ప్రకటించాడు. ప్రొటీన్ గొలుసు ఏ పద్ధతిలో మెలితిరుగుతుందో బ్రాగ్, ల్యాబ్ సహచరుడు జాన్ కెండ్రూ, పెరుట్జ్ ముగ్గురూ అంతకుముందే ఒక పేపర్ వేసి తప్పులో కాలేశారు. ఒక శనివారం పొద్దున పౌలింగ్ పేపర్ చదివిన పెరుట్జ్‌కి ఒకటి తట్టింది. ఈ హెలిక్సే నిజమైతే 1.5 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లో వంతు) దగ్గర ఒక మచ్చ పడి తీరాలి, ఎవరి ఫొటోల్లోనూ అది లేదు. ఎందుకు లేదంటే వాళ్ల కెమెరా అమరికలో ఆ మచ్చ ఫిల్మ్ దాకా రానే రాదు. వెంటనే ల్యాబ్‌కి పోయి, సొరుగులో ఉన్న గుర్రపు వెంట్రుక తీసి, సరైన కోణంలో వంచి పెట్టి ఎక్స్‌రే వేశాడు. కొన్ని గంటల్లో ఫిల్మ్ కడిగితే మచ్చ ఉంది. సోమవారం బ్రాగ్‌కి చూపిస్తే, ఇది చూడాలని నీకెలా తట్టింది అని అడిగాడు. ఆ హెలిక్స్ మనకి తట్టలేదన్న కోపంతో అన్నాడీయన. అయితే నీకు ముందే కోపం తెప్పించాల్సింది అన్నాడట బ్రాగ్.

అసలు తాళంచెవి 1953లో దొరికింది. స్ఫటికం ఆకారం చెడకుండా ప్రతి అణువుకీ పాదరసం లాంటి బరువైన పరమాణువు తగిలించి, తగిలించనిదాంతో పోల్చితే చుక్కల నలుపులో వచ్చే తేడా నుంచి ఫేజులు రాబట్టొచ్చు. చిన్న అణువుల్లో ఈ కిటుకు ముందే తెలుసు. పదివేల పరమాణువుల గుంపులో ఒకటి రెండు పాదరసం పరమాణువులు ఏం తేడా తెస్తాయిలే అనుకున్నారంతా. పెరుట్జ్ దగ్గర మాత్రం ఒక ముందస్తు కొలత ఉంది. ప్రొటీన్ నుంచి వచ్చే కిరణాలు చాలావరకు వాటిలో అవే కొట్టేసుకుని, మిగిలేది చాలా తక్కువని తనే కొలిచి ఉన్నాడు. అంటే ఒక్క పాదరసం పరమాణువైనా గట్టిగానే వినపడాలి. వెర్నన్ ఇంగ్రామ్ పాదరసం అతికించిన హిమోగ్లోబిన్ తయారుచేశాడు. డార్క్‌రూమ్‌లో ఫిల్మ్ కడిగి పాతదాని పక్కన పెట్టి చూస్తే చుక్కలు అక్కడే ఉన్నాయి, నలుపులు మారాయి. పెరుట్జ్ మెట్లెక్కి పరుగెత్తుకెళ్లి బ్రాగ్‌ని కిందకి లాక్కొచ్చాడు.

అక్కడితో అయిపోలేదు. వేలకొద్దీ చుక్కలు కొలవాలి, ఒక్క బరువు పరమాణువు చాలదు, వేర్వేరు చోట్ల అతుక్కునేవి ఇంకా కావాలి. ఎడ్సాక్-2 కంప్యూటర్ మీద మైకేల్ రాస్‌మన్ ప్రోగ్రాములు రాశాడు. ఈలోపు సహచరుడు జాన్ కెండ్రూ ఇదే పద్ధతితో, హిమోగ్లోబిన్‌లో నాలుగోవంతే ఉండే, కండరాల్లోని ప్రొటీన్ మయోగ్లోబిన్‌ని ముందుగా తేల్చేశాడు. 1959లో హిమోగ్లోబిన్ బొమ్మ బయటపడింది, 5.5 ఆంగ్‌స్ట్రామ్ స్పష్టతతో, మసకమసగ్గానే. నాలుగు గొలుసులు, ఒక్కో దాంట్లో ఒక ఇనుము పరమాణువు. ఒక్కో గొలుసు చూస్తే అచ్చం కెండ్రూ గారి మయోగ్లోబిన్! ఒకటి తిమింగలం కండ నుంచి తీసింది, ఇంకోటి గుర్రం రక్తం నుంచి.

1962లో నోబెల్ వచ్చాక విశ్రాంతి తీసుకున్నాడా?

లేదు. ఆ ఏడు కెమిస్ట్రీ బహుమతి పెరుట్జ్, కెండ్రూలకి, మెడిసిన్ బహుమతి క్రిక్, వాట్సన్, విల్కిన్స్‌లకి. ఒకే చిన్న యూనిట్ నుంచి ఒకే ఏడు రెండు నోబెళ్లు. అయినా పెరుట్జ్‌కి అసలు ప్రశ్న అలాగే మిగిలింది. హిమోగ్లోబిన్ పనెలా చేస్తుంది?

మొదటి ఆక్సిజన్ అతుక్కున్నాక మిగతావి ఎందుకంత తేలిగ్గా అతుక్కుంటాయి? 1970లో జవాబిచ్చాడు. ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము తన చుట్టూ ఉన్న పరమాణువుల వలయం తలం నుంచి కొంచెం, అర ఆంగ్‌స్ట్రామ్ అటూఇటూ, పక్కకి జరిగి ఉంటుంది. ఆక్సిజన్ తగలగానే తలంలోకి వస్తుంది. దాంతోపాటు దానికి కట్టిపడేసి ఉన్న హెలిక్స్ కదులుతుంది, గొలుసుల మధ్య పట్టు సడలుతుంది, అణువు మొత్తం బిగుసుకున్న స్థితి నుంచి వదులు స్థితికి మారుతుంది. ఊపిరితిత్తుల్లో నింపుకుని, కండరాల్లో వదిలేసే కిటుకంతా ఇదే. ఎక్కడెక్కడో చిన్న చిన్న సవరణలు వచ్చినా ఈ కథ ఇప్పటికీ నిలబడే ఉంది. హారోవిట్జ్ స్ఫటికాలు ఎందుకు కరిగిపోయాయో కూడా దీంతో తేలిపోయింది.

రోజలిండ్ ఫ్రాంక్లిన్ రిపోర్ట్ వాట్సన్, క్రిక్‌లకి ఇచ్చింది ఈయనేనట కదా?

అవును, ఈయనే. 1952 డిసెంబర్లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు తమ పని మీద ఒక రిపోర్ట్ ఇచ్చారు. అందులో, అక్కడ డీఎన్ఏకి ఎక్స్‌రేలు తీసిన ఫ్రాంక్లిన్ కొలతలూ ఉన్నాయి. కమిటీ మెంబరుగా ఒక కాపీ పెరుట్జ్‌కి వచ్చింది, అడిగితే 1953 ఫిబ్రవరిలో వాట్సన్, క్రిక్‌లకి ఇచ్చేశాడు. డీఎన్ఏ స్ఫటికం సౌష్ఠవం చూడగానే క్రిక్‌కి రెండు పోగులూ ఎదురెదురు దిక్కుల్లో నడుస్తున్నాయని వెలిగింది. ఎందుకంటే తన థీసిస్‌లోని గుర్రం హిమోగ్లోబిన్ స్ఫటికానిది కూడా సరిగ్గా అదే సౌష్ఠవం!

1968లో వాట్సన్ పుస్తకంలో ఈ సంగతి రాయడంతో గొడవైంది. 1969లో పెరుట్జ్ సైన్స్ పత్రికకి లేఖ రాసి, ఆ రిపోర్ట్ మీద రహస్యం అని లేదని, అయినా కింగ్స్ వాళ్లని ఒక్కమాట అడగాల్సిందని ఒప్పుకున్నాడు. నా మటుకు ఇది రూల్ ప్రకారం నేరం కాకపోవచ్చు, మర్యాద ప్రకారం మాత్రం తప్పే. ఫ్రాంక్లిన్ 1958లోనే, 37 ఏళ్లకే పోయింది. ఆమెకి ఈ వివరణ వినే అవకాశం కూడా లేదు.

ల్యాబ్ నడిపిన తీరు గురించి అంత గొప్పగా చెప్తారెందుకు?

1947లో పెరుట్జ్, కెండ్రూ ఇద్దరితో మొదలైన యూనిట్ 1962లో కేంబ్రిడ్జ్ శివార్లలో సొంత బిల్డింగ్‌లోకి మారింది. 1979 దాకా ఈయనే ఛైర్మన్. డైరెక్టర్ అనిపించుకోవడం ఇష్టం లేదు. కమిటీలు తక్కువ, కాగితాలు తక్కువ, రోజులో ఎక్కువ భాగం తనూ బెంచి దగ్గరే. క్యాంటీన్ సంగతి భార్య గిజెలా చూసుకుంది. టీకీ కాఫీకీ భోజనానికీ అందరూ ఒకేచోటికి రావాలి, నోబెల్ గ్రహీత పక్కన కొత్తగా చేరిన పిల్లాడు కూర్చోవాలి, అదీ ప్లాన్. 1999లో ఇదే ల్యాబ్‌లో చేరిన మన చిదంబరం మనిషి వెంకీ రామకృష్ణన్‌కి, కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ మీద పనికి 2009లో నోబెల్ వచ్చింది. అది కూడా ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీతోనే.

ఈ పనికీ మనకీ ఏమన్నా సంబంధం ఉందా?

ఉంది. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీల్లో సికిల్ సెల్ జబ్బుతో బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బుకి కారణం పట్టుకున్నది పెరుట్జ్ యూనిట్‌లోనే. పాదరసం అతికించాడని చెప్పానే, ఆ ఇంగ్రామే, 1956లో. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటే ఆరోది మాత్రం మారిపోయింది, గ్లుటమిక్ ఆమ్లం బదులు వేలిన్. ఆ ఒక్క మార్పుతో ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని పొడవాటి తాళ్లలా తయారై ఎర్ర రక్తకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. అవి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే వచ్చే నొప్పి మాటల్లో చెప్పలేం.

ఇంకో ముడి కూడా ఉంది. మన దేశంలో, నీలగిరి గిరిజనుల్లో, సికిల్ సెల్ ఉందని 1952లో ప్రకటించినవాళ్లలో హెర్మన్ లేమన్ ఒకడు. ఆయనే 1968లో పెరుట్జ్‌తో కలిసి, రకరకాల హిమోగ్లోబిన్ మార్పులు అణువులో ఎక్కడ పడితే ఏ లక్షణం వస్తుందో వరసగా చూపించాడు. ఫలానా జబ్బు ఫలానా పరమాణువుల దగ్గర పుడుతోంది అని వేలు పెట్టి చూపించడం అప్పటికి కొత్త.

మనిషిగా ఎలాంటివాడు?

చూడ్డానికి చిన్నగా, మెత్తగా మాట్లాడేవాడు. వెన్నునొప్పి జీవితమంతా వేధించింది, తిండి పడేది కాదు. అయినా కొండలెక్కడం మానలేదు. సర్ అనిపించుకుంటే ల్యాబ్‌లో పిల్లలు దూరం జరుగుతారని నైట్‌హుడ్ వద్దన్నాడంటారు. రిటైరయ్యాక కూడా రోజూ ల్యాబ్‌కి వచ్చేవాడు. ఎనభై ఏళ్ల వయసులో మెదడుని దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బులో ప్రొటీన్లు ఎందుకు గడ్డకడతాయో తవ్వుతూ కూర్చున్నాడు. 2001 చివర్లో క్యాన్సర్ ముదిరేదాకా పని ఆపలేదు. 2002 ఫిబ్రవరి 6న పోయాడు.

ఇప్పుడు ఏఐ నిమిషాల్లో ప్రొటీన్ ఆకారం చెప్పేస్తోందిగా, ఎక్స్‌రే పని ఇంకా ఎవరికి కావాలి?

ఆల్ఫాఫోల్డ్ గురించే కదా. ఆ ప్రోగ్రామ్ నేర్చుకున్నదే ప్రొటీన్ డేటా బ్యాంక్ నుంచి. 1971లో ఏడు ఆకారాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటిన ఆ ఖజానాలో ఎక్కువ భాగం ఎక్స్‌రేతో తేల్చినవే. 2024 కెమిస్ట్రీ నోబెల్ ఈ కంప్యూటర్ పనికే వచ్చింది, అర్హమే. అయితే కొత్త మందు అణువు ప్రొటీన్ గుంటలో సరిగ్గా ఏ మూలన కూర్చుందో నమ్మకంగా చెప్పాలంటే ఇప్పటికీ స్ఫటికం పెంచి, అతి బలమైన ఎక్స్‌రేలిచ్చే సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం దగ్గరికి తీసుకెళ్తున్నారు. స్ఫటికం కట్టని పెద్ద పెద్ద వాటికి, గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో ఫొటో తీసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ వచ్చింది. దానికి 2017లో నోబెల్ పంచుకున్న రిచర్డ్ హెండర్సన్ కూడా పెరుట్జ్ ల్యాబ్ మనిషే.

మీ పిల్లలెవరైనా ఈ దారిలోకి రావాలనుకుంటే హైదరాబాద్ సీసీఎంబీలో, బెంగళూరు ఐఐఎస్సీలో స్ట్రక్చరల్ బయాలజీ గ్రూపులున్నాయి. ఎమ్మెస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఏది చేసినా రావొచ్చు, కాకపోతే లెక్కలంటే భయం ఉండకూడదు. స్ఫటికం కట్టని ప్రొటీన్ దొరికితే ఏం చెయ్యాలన్న టెన్షన్ మాత్రం 1937లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఇంకో ప్రొటీన్ చూసుకో అనే గైడ్లే ఎక్కువ.